నీళ్లలోకేగా వెళ్లేది!

ఖాజాగూడ గుట్టల మీద పొద్దు పొడిచేలోపే మా అపార్ట్‌మెంట్లలో ఓ తుమ్ము పేలుతుంది. ఈతగారు కొలనులోంచి బయటికొచ్చారన్నమాట.

గేటెడ్ కమ్యూనిటీకొక ఈతగారు తప్పనిసరి. నలభై దాటిన వయసు, పగలు రాయదుర్గంలో ఆఫీసు, రాత్రి అమెరికా కాల్స్. నడుంనొప్పికి ఈత మంచిదని డాక్టరు అన్న మర్నాడే గాగుల్స్, టోపీ, నీళ్లలో తడవని గడియారం కొనేశారు. ముక్కు క్లిప్పు మాత్రం వద్దన్నారు. బట్టలారేసే క్లిప్పులా నామోషీగా ఉంటుందట.

ఆయన తుమ్ముతో మాకు వేరే చిక్కుంది. ఒక్క తుమ్ము అపశకునం, రెండైతే పర్వాలేదు కదా! ఆయన ఒకటి తుమ్మి ఆగారంటే, ఎదురింటివాళ్లు గుమ్మంలోనే కూర్చుని మంచినీళ్లు తాగుతూ రెండోదాని కోసం చెవులప్పగిస్తారు. కింద క్యాబ్ మీటరు తిరుగుతూనే ఉంటుంది.

మొదట ఆయన నేరం మోపింది పక్కన కడుతున్న టవర్ దుమ్ము మీద. తర్వాత "దీనికంతటికీ వయ్యారిభామే కారణం" అన్నారు. గుట్ట కింద పెరిగే కలుపుమొక్క అని తెలిసేదాకా వాళ్లావిడ అన్నం పెట్టలేదు. సిట్రిజిన్ మాత్ర వేసుకుంటే ముక్కు కారడం ఆగలేదుగానీ, క్లయింట్ మీటింగులో గురక వచ్చింది. జలనేతి లోటా తెచ్చి కుళాయి కింద పట్టబోతే వాళ్లావిడే లాక్కుని, కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పు కలిపి పోశారు. చివరికి ముక్కు డాక్టరు చూసి, అలర్జీ కాదు, కొలను గాలికి లోపలి పొర రేగి వాచిందన్నారు.

అంతే, వాట్సాప్ గ్రూపు భగ్గుమంది. "క్లోరిన్ కుమ్మరిస్తున్నారు! వాసన చూడండి!"

ఆదివారం కొలను గట్టు మీదే పంచాయితీ. కొలను చూసుకునే కుర్రాడు గాజుగొట్టంలో నీళ్లు పట్టి, మాత్ర వేసి, గులాబిరంగు చూపించాడు. క్లోరిన్ లీటరుకి 2 మిల్లీగ్రాములు. ఉండాల్సినంతే ఉంది.

"మరి ఈ ఘాటేమిటయ్యా?"

"అది ఉత్త క్లోరిన్ వాసన గాదు సార్. చెమట, ఉచ్చ క్లోరిన్ల కలిస్తె క్లోరమైన్లు అయితయి. గవే ముక్కుల మండుతయి."

నిజమే. వాటిలో ట్రైక్లోరమైన్ అనేది నీళ్లలో నిలవదు. ఆవిరై, ఈదేవాడు నోరు తెరిచి గాలి పీల్చుకునే చోటే, నీటికి జానెడెత్తున కాచుకుని ఉంటుంది. మా కొలను క్లబ్‌హౌస్ లోపల, కిటికీలు మూసి, ఏసీ వేసి ఉంటుంది. ఇక అది పోయేదెక్కడికి? బాగా చూసుకునే కొలను అంత ఘాటుగా ఉండదు.

కుర్రాడు మెల్లగా అడిగాడు. "ఈతకు ముందు తానం జేస్తరా సార్?"

ఈతగారు అప్పుడే పెద్దచెరువు దాకా పరుగెత్తి వచ్చారు. బనీను పిండితే చెంబెడు చెమట వచ్చేలా ఉంది.

"నీళ్లలోకేగా వెళ్లేది! మళ్లీ స్నానమెందుకు?"

ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దంలో కుర్రాడు తుమ్మాడు.

ఒక్కసారే. రెండోదాని కోసం అందరం అక్కడే కూర్చుండిపోయాం.