హాజరు పట్టీ పోయి లాగిన్ వచ్చె

మా రోజుల్లో ఆఫీసుకి ఎవడొచ్చాడో, ఎన్నింటికొచ్చాడో కనిపెట్టడానికి కంప్యూటరు కావాలా? 1985లో మండలాలు రాకముందు మాకు తాలూకా కచేరీ అంటే చోడవరమే. కె.కోటపాడు నుంచి బస్సు దొరికితే బస్సు, లేకపోతే సైకిలు. వేళ దాటగానే హెడ్ గుమాస్తా గారు హాజరు పట్టీ తన బల్ల మీదకి లాక్కుని, సంతకం లేని గళ్ళో ఎర్ర పెన్సిల్‌తో అడ్డగీత కొట్టేవారు. మూడు గీతలు పడితే ఒక క్యాజువల్ లీవు హుళక్కి. బస్సు రాలేదండీ అంటే కళ్ళద్దాల మీదుగా ఓ చూపు, అంతే.

ఇప్పుడు మా మనవడు విశాఖలో ఏదో కంపెనీ నెట్‌వర్క్ చూస్తాడు. పండక్కొచ్చినా లాప్‌టాప్ వదలడు. విండోస్‌లో ఉండే పవర్‌షెల్‌లో నాలుగు లైన్ల స్క్రిప్టు రాస్తే చాలట, ఏ యూజరు ఎన్నింటికి లాగిన్ అయ్యాడో వరసగా దిగిపోతుంది. విండోస్ లెక్కలో 4624 అంటే లోపలికెళ్ళాడని, 4625 అంటే పాస్‌వర్డ్ తప్పుకొట్టి గుమ్మంలోనే ఆగాడని. అర్ధరాత్రి 4625లు బారులు తీరాయంటే ఎవడో కన్నం వేస్తున్నాడన్నమాట. ఇది బాగుంది, కాదనను. మా కచేరీకీ రాత్రి కాపలా ఉండేది గానీ, ఊళ్ళో అందరికంటే ముందు నిద్రపోయేది ఆ కాపలాదారే.

"అయితే ఫలానావాడు ఆఖరున ఎప్పుడొచ్చాడో చెప్పరా" అన్నాను. "లాగిన్లు చూసే సర్వర్లన్నిటినీ అడగాలి తాతా, ఒకదాని లెక్క ఇంకోదానికి తెలీదు. అన్నిటికీ తెలిసే తేదీ ఒకటుంది గానీ, అది రెండు వారాల దాకా పాతదై ఉండొచ్చు" అన్నాడు. రెండు వారాలేటిరా! మా హెడ్ గుమాస్తాకి రెండు నిమిషాలు పట్టేది కాదు.

అసలు తంటా అది కాదు. లాగిన్ అయింది ఎవరి పేరో తెలుస్తుంది, కూర్చున్నది ఎవరో? మొన్నామధ్య ఓ ఆఫీసుకి (పేరెందుకు లెండి) పనిమీద వెళ్తే, మానిటర్ అంచున పాస్‌వర్డ్ రాసిన పసుపు చీటీ. సీటు అయ్యగారిది, టైపు కొడుతున్నది ఇంకో కుర్రాడు. స్క్రిప్టు లెక్కలో అయ్యగారు హాజరు! మా పట్టీలో పక్కవాడి సంతకం పెడితే దస్తూరీ చూసి పట్టేసేవారు.

ఈ లాగిన్ లెక్కలన్నీ 180 రోజులు దాచమని కేంద్ర ప్రభుత్వ సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28నే ఆదేశించింది. దాచారు సరే, చదివేవాడేడీ? నాయనలారా, స్క్రిప్టులు రాసుకోండి, వద్దనను. పొద్దున్నే టీ తాగుతూనైనా ఆ జాబితా ఎవరో ఒకరు చదవండి, చదివి ఆ సీటు దాకా ఓసారి నడవండి. ఆ పసుపు చీటీ మాత్రం ఇవాళే పీకెయ్యండి.