కబురుకు టీకా తాత్పర్యం

సూత్రం: కాలము = ఆల్ఫా + ఎన్ × బీటా.

అవతారిక: వెయ్యి ప్రాసెసర్లు కలిసి ఒకే లెక్కకు కూర్చున్నాక వాటిలో అవి మాట్లాడుకోక తప్పదు. ఆ మాటకు ఎంతసేపు పడుతుందో చెప్పే ఈ పొట్టి సూత్రం హాక్నీ పేరు మీద చెలామణీలో ఉంది.

ప్రతిపదార్థం: ఆల్ఫా = కబురు గడప దాటడానికి పట్టే కాలం; ఎన్ = కబురు పొడవు, బైట్లలో; బీటా = ఒక్కో బైటుకు పట్టే కాలం; కూడిక గుర్తు = పాదపూరణం కాదు, కిటుకంతా ఇందులోనే ఉంది.

తాత్పర్యం: ఆల్ఫా 2 మైక్రోసెకన్లు, తీగ వేగం సెకనుకు 10 గిగాబైట్లు అనుకుందాం. 8 బైట్ల సంఖ్యలు వెయ్యి ఉన్నాయి. ఒక్కొక్కటే పంపితే 2,000 మైక్రోసెకన్ల పైమాటే. ఒకే మూట కట్టి పంపితే 2.8. ఆవాలకోసారి, ఇంగువకోసారి, ఎండుమిర్చికోసారి కుర్రాణ్ణి కొట్టుకు తరిమే ఇంట్లో పోపు మాడుతుంది. చీటీ రాసిచ్చే ఇల్లాలికి ఈ సూత్రం ఎవరూ నేర్పనక్కర్లేదు.

శంక: ఇందులో దారి ప్రస్తావన ఏదీ?

సమాధానం: లేదు. దారి ఖాళీగా ఉందని ఊహించుకుని సూత్రం చల్లగా తప్పుకుంది. రెండు కబుర్లు ఒకే తీగ ఎక్కితే వేగం చెరిసగం, అంటే బీటా రెట్టింపు. అందరూ ఒక్కరికే పంపితే చెప్పేదేముంది, పండగ ముందురోజు కిరాణా కొట్టే.

విశేషాలు: 1993లో డేవిడ్ కల్లర్ బృందం ‘లాగ్‌పీ’ నమూనా తెచ్చింది. ఎల్ అంటే ప్రయాణకాలం, ఓ అంటే కబురు పంపడంలో, అందుకోవడంలో ప్రాసెసర్ పడే చాకిరీ, జీ అంటే కబురుకూ కబురుకూ మధ్య ఉండి తీరాల్సిన ఎడం, పీ అంటే ప్రాసెసర్ల సంఖ్య. లాగరిథం చదివినవారికి పేరులో శ్లేష కూడా దక్కుతుంది. ఒకరి నుంచి గానీ ఒకరికి గానీ దారిలో ఉండదగిన కబుర్లు ఎల్‌ను జీతో భాగించినన్నే; మించితే పంపేవాడు ఆగాలి. రద్దీకి లెక్కలో చోటు దొరికింది గానీ, ఏ తీగ ఎటు పోతుందో ఇక్కడా లేదు. 1995లో పొడవాటి కబుర్ల కోసం పెద్ద జీ ఒకటి చేరింది. వ్యాఖ్యకు వ్యాఖ్య అన్నమాట, మనకు కొత్తేమీ కాదు.

పాఠాంతరం: దారినే వెడల్పు చేద్దామన్నది 1985 నాటి లీజర్సన్ ఫ్యాట్ ట్రీ. మొదలు వైపు పోయేకొద్దీ కొమ్మ లావెక్కే చెట్టు అది. అయినా ఎవరు ఏ కొమ్మ ఎక్కాలో ముందే ఖరారు చేసి పెడితే, పక్క కొమ్మ ఖాళీగా ఊగుతుండగానే రెండు కబుర్లు ఒకేచోట ఇరుక్కుంటాయి. అందుకే ప్రోగ్రాము రాసేవారు అక్కర్లేని కబురు మానుకోవడం దగ్గరే మొదలుపెడతారు.

అక్కర్లేనిది రాయనని ప్రతిజ్ఞ పూనిన వ్యాఖ్యాత మల్లినాథసూరిది మెదక్ జిల్లా కొల్చారం. పరమ్ సేవ సూపర్‌కంప్యూటర్ ఉన్న హైదరాబాద్ ఐఐటీ కూడా పాత మెదక్ జిల్లాలోనే, కందిలో ఉంది.