కప్పగది పద్యం: టీకా తాత్పర్యాలు

మూలం

ఆ. రాలు పరచి పైన లావుగా మన్నేసి
యెండుటాకు కప్పి యింత నీళ్లు
చల్లి పురుగు విడిచి చాన్నాళ్లు వేచాక
కప్ప నుంచవలెను గాజుగదిని

అవతారిక

కవి పేరు చెప్పుకోలేదు. "మన్నేసి" అన్న ప్రయోగాన్ని లాక్షణికులు ఒప్పుకోరు, మన షాద్‌నగర్ ఒప్పుకుంటుంది; కనుక మనవాడే. ఇంట్లో కప్పనో బల్లినో మొదటిసారి పెంచబోయేవాడికి ఇది ఉపదేశం. మట్టి, మొక్క, పురుగు కలిసి పెట్టెలోని మలాన్ని, బూజును తామే సర్దుకునే ఏర్పాటును ఇప్పటివాళ్లు బయోయాక్టివ్ అంటున్నారు.

టీక

రాలు పరచి = అడుగున రెండు వేళ్ల మందం కంకర వేసి. గాజుపెట్టెకు తూము లేదు. ఎక్కువైన నీరు దిగి నిలిచే చోటు లేకపోతే మన్నుకు గాలాడక మురుగుకంపు కొడుతుంది. కంకర మీద జాలీ పరచమని కవి చెప్పలేదు. గణాల్లో ఇమడలేదు కాబోలు. దోమతెర ముక్క వేయకపోతే మన్నంతా రాళ్ల సందుల్లోకి జారుతుంది.

లావుగా మన్నేసి = బెత్తెడు మందాన మట్టి పోసి. ఏ మట్టి? "మన చల్కమట్టి ఉండగా కొనుడెందుకు" అని ఒక వ్యాఖ్యాత. అది పొసగదు. చల్క ఎండితే నాగలికే లొంగదు, ఆవగింజంత పురుగు ఏం తవ్వుతుంది? కొబ్బరిపొట్టు, ఆకులెరువు, ఇసుక కలిపి, అందులో చల్క పిడికెడు వేస్తే చాలు. పత్తిచేను మట్టి మాత్రం ఎంత నల్లగా మెరిసినా తేకూడదు. కప్ప చర్మంతోనే నీరు తాగుతుంది; మట్టిలో మిగిలిన పురుగుమందునూ ఆ దారినే తాగుతుంది.

ఎండుటాకు = బాదం ఆకు. వేపాకు నిషిద్ధం. ధాన్యానికి పురుగు పట్టకుండా పెద్దవాళ్లు వేసేది వేపాకే కదా. ఇక్కడ పట్టవలసినదే పురుగు.

ఇంత నీళ్లు = ఎన్ని? కవి చేత్తో చూపించి ఉంటాడు, ఆ చెయ్యి మనదాకా రాలేదు. మన ఊరి పక్కన దూరసంవేదన సంస్థ ఎన్‌ఆర్‌ఎస్‌సి వారి కేంద్రం ఉపగ్రహాలు పంపే చిత్రాలను దించుకుంటుంది. దేశమంతటి పచ్చదనాన్నీ అలా ఆకాశం నుంచి కొలవవచ్చు గానీ, పెట్టెలో తడిని కొలిచేది పిడికిలే. మన్ను పిండితే ముద్ద కట్టాలి, ఒకటి రెండు చుక్కలకు మించి కారకూడదు. నల్లా నీళ్లయితే క్లోరిన్ విరుగుడు కలిపినవే చల్లాలి.

పురుగు = జాత్యేకవచనం; అనగా ఒకటి కాదు, రెండు జాతులు. మొదటిది స్ప్రింగ్‌టెయిల్: కడుపు కింద మడిచిపెట్టుకున్న పంగలాంటి తోకతో ఎగురుతుంది, బూజు మేస్తుంది. రెండోది ఐసోపాడ్: పద్నాలుగు కాళ్లది, కొన్ని జాతులు ముట్టుకుంటే గోలీలా చుట్టుకుంటాయి. కుళ్లిన ఆకునూ మలాన్నీ తిని మొక్కకు ఎరువు చేస్తుంది. ఇది నిజానికి పురుగు కాదు, రొయ్యకు దాయాది. నేల మీద బతుకుతూ కూడా మొప్పల్లాంటి అవయవాలతోనే గాలి పీలుస్తుంది. తడి ఆరితే చస్తుంది. కవి రొయ్యను పురుగన్న దోషాన్ని క్షమించవచ్చు.

చాన్నాళ్లు వేచాక = నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి. ఈలోగా మన్ను మీద తెల్లబూజు లేస్తుంది. కొత్తవాడు బెదిరి పెట్టెను కడిగేస్తాడు. అది స్ప్రింగ్‌టెయిల్ విందు, వదిలేయాలి.

గాజుగదిని = కిటికీ ఎండ సోకని మూలన. విదేశీ గ్రంథాలు వేడిబల్బు పెట్టమంటాయి. అవి చలిదేశాల్లో కప్పలు పెంచేవాళ్లు రాసినవి. మేలో నలభై డిగ్రీలు దాటే పాలమూరులో గాలాడే జాలీమూత గురించే ముందు ఆలోచించాలి.

తాత్పర్యం

గది పురుగులది. కప్ప అందులోకి ఆఖరున వచ్చిన కిరాయిదారు. మనం కప్పను ముందు కొని, దాని కోసం గది వెతుకుతాం.

విశేషాలు

గాజుపెట్టెలో మొక్కలు పెంచే విద్యకు ఆదిపురుషుడు లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్. 1829లో రెక్కలపురుగు అవుతుందని ఒక గూటిపురుగును తడిమట్టిలో, మూసిన సీసాలో పెట్టాడు. కోరని ఫెర్న్ మొక్క మట్టిలోంచి మొలిచింది. అలాంటి గాజుపెట్టెల్లోనే తర్వాత చైనా తేయాకు మొక్కలు ఓడల్లో భారతదేశం చేరాయి.

పూర్వపక్షం: వాన రాకపోతే కప్పను రోకలికి కట్టి, ఇంటింటా నీళ్లు పోయించుకుంటూ కప్పతల్లి ఆట ఆడే ఊళ్లు మనవి, చెరువుకప్పనే తెచ్చుకుంటే పోదా? సమాధానం: ఆ పూట ఆట వేరు, పెట్టెలో పెట్టి పెంచడం వేరు. మన అడవిప్రాణుల మీద 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. పిల్లలు ముచ్చటపడే నక్షత్రతాబేలు, ఉడుము రెండూ అందులో గట్టి రక్షణ ఉన్నవే. విదేశీ ప్రాణి అయితే, 2022లో చేసిన సవరణ ప్రకారం, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందమైన సైటిస్ జాబితాలో అది ఉందేమో చూసుకోవాలి. ఉంటే ప్రభుత్వ పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. నమోదు నియమాలు తెలుసుకునే పని, కప్ప రాకముందు వేచే ఆ ఆరు వారాల్లోనే పెట్టుకుంటే మేలు, అప్పటికి గదిలో తొందరపెట్టేవాళ్లెవరూ ఉండరు.