పేషెంట్ తాలూకు ఎవరండీ?

లీడ్స్, ఇంగ్లండు

పిన్నికి,

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ బాబాయి మోకాలు మినహా మిగతా అందరూ క్షేమమని తలుస్తాను. వచ్చే నెల విజయవాడలో బాబాయికి మోకాలి కీలు మార్పిడి ఆపరేషనని, తెనాలి నుంచి రెండు కార్లు బయల్దేరుతున్నాయని, అప్పుడే రైస్ కుక్కరు కూడా సర్దేశారని అమ్మ చెప్పింది. ఒక మోకాలికా, రెండింటికా అని అడిగితే మాత్రం అది ఎవరికీ తెలియదంది. అందుకే ఫోను పక్కన పెట్టి ఉత్తరం రాస్తున్నాను. ఫోనులో అయితే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు.

పిన్నీ, ఈ దేశం వచ్చిన కొత్తలో నన్ను హడలెత్తించింది చలి కాదు, వార్డు. మంచం ఉంటుంది, మంచం మీద మనిషి ఉంటాడు, పక్కన ఎవరూ ఉండరు! తుంటి ఎముక విరిగిన ఒక తాతగారు ఒక్కడే పడుకుని పేపరు చదువుకుంటున్నాడు. మీకెవరూ లేరా అని అడిగాను. ముగ్గురు కూతుళ్ళట, ఉండేది అదే ఊళ్ళోనట. విజిటింగ్ టైము ఇంకా కాలేదని కింద కారులో కూర్చున్నారట! మందుల చీటీ పట్టుకుని పరుగెత్తే బావమరిది లేడు. సెలైన్ సీసా వైపు గుడ్లప్పగించి, "సిస్టర్, అయిపోయింది!" అని గావుకేక పెట్టే మేనల్లుడు లేడు. స్నానం, తిండి, మాత్ర, పక్క మార్చడం, అన్నీ నర్సులం మేమే. మంచం కింద చాప కూడా లేకపోయేసరికి ఊడ్చేవాళ్ళ అదృష్టం చూసి కుళ్ళుకున్నాను.

గుంటూరులో పనిచేసే రోజుల్లో "పేషెంట్ తాలూకు ఎవరండీ?" అని నేను ఒక్క కేక వేస్తే వరండాలో సగం మంది లేచి నిలబడేవాళ్ళు. రక్తం తేవాలన్నా, రిపోర్టులు తేవాలన్నా, స్ట్రెచర్ తొయ్యాలన్నా తాలూకువాళ్ళే. ఆసుపత్రి వాళ్ళకి జీతం ఇవ్వదు, పైపెచ్చు పార్కింగ్ డబ్బులు వాళ్ళ దగ్గరే వసూలు చేస్తుంది.

ఈ దేశంలో తాలూకువాళ్ళను వార్డులోకి రానివ్వడానికి ఎంత తతంగం నడిచిందో వింటే నువ్వు నోరు నొక్కుకుంటావు. ఒకప్పుడు పిల్లల వార్డుల్లోకి కన్నవాళ్ళను వారానికి ఒకటి రెండుసార్లే రానిచ్చే ఆసుపత్రులు ఉండేవి. అమ్మ వచ్చి వెళ్ళాక పిల్లాడు ఏడుస్తున్నాడు కాబట్టి అసలు అమ్మే రాకపోతే పోలా అని వాళ్ళ తర్కం. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన, ఆసుపత్రిలో ఒంటరిగా ఉన్న రెండేళ్ళ పాప ఎంత నలిగిపోతుందో సినిమా తీసి డాక్టర్లకు చూపించాడు. చాలామంది డాక్టర్లకు కోపమొచ్చింది. 1959లో ప్లాట్ కమిటీ కూర్చుని, కన్నవాళ్ళను వేళాపాళా చూడకుండా రానివ్వండని నివేదిక ఇచ్చింది. బిడ్డ పక్కన తల్లి ఉండాలని తేల్చడానికి ఒక సినిమా, ఒక కమిటీ, ఏడేళ్ళు! మన అమ్మమ్మ అయితే ఒక్క తిట్టుతో తేల్చేసేది.

పెద్దవాళ్ళ వంతు వచ్చేసరికి 2014 అయింది. మతిమరుపు జబ్బున్న జాన్ జెరార్డ్ అనే డాక్టరుగారు కాలిపుండుతో ఆసుపత్రిలో చేరారు. వెళ్ళేటప్పుడు నడిచేవారు, తన తిండి తాను తినేవారు. లోపల ఇంటివాళ్ళను సరిగ్గా రానివ్వలేదు. అయిదు వారాల తర్వాత ఇంటికొచ్చేసరికి ఎముకలగూడు. ఆ నవంబరులోనే పోయారు. ఆయన కూతురు నిక్కీ జెరార్డ్ నవలలు రాస్తుంది. ఆవిడా, ఆవిడ స్నేహితురాలు జూలియా జోన్స్ కలిసి, ఇలాంటి రోగుల దగ్గర ఇంటి మనిషి ఉండాల్సిందేనని 'జాన్స్ క్యాంపెయిన్' మొదలుపెట్టారు. ఇప్పుడు వందలాది ఆసుపత్రులు సరేనన్నాయి. 2024 ఏప్రిల్ నుంచి ఇంగ్లండులో ఆసుపత్రులకు దీనిమీద ప్రత్యేక నిబంధనే వచ్చింది: గట్టి కారణం ఉంటే తప్ప రోగిని చూడ్డానికి వచ్చినవాళ్ళను వెనక్కి పంపకూడదు.

మతిమరుపు రోగులకు ఇక్కడ ఒక కాగితం కూడా ఉంది. ఈయన్ని ఏమని పిలవాలి, టీలో పంచదార ఎంత, దేనికి భయపడతాడు, ఏ పాటకు శాంతిస్తాడు, ఇవన్నీ ఇంటివాళ్ళు రాసివ్వాలి. మనవాళ్ళు నింపితే 'టిఫిను' దగ్గరే కాగితం అయిపోతుంది. చట్నీలు ఎన్ని రకాలో రాయడానికి ఇంకో కాగితం అడుగుతారు.

అడుగుతారని ఊరికే అనడం లేదు. మొన్నామధ్య మా వార్డుకు ఒక తెలుగు పెద్దావిడ వచ్చింది. దగ్గరి బంధువు పేరు రాయమని ఫారంలో ఒక్క గీత ఇస్తాం. ఆ గీత మీద కొడుకు, కోడలు, అల్లుడు, డల్లాస్‌లో ఉన్న కూతురు, వాళ్ళందరి సెల్ నంబర్లు. మంచానికి ఇద్దరే అంటే, ఇద్దరు లోపల, అయిదుగురు లిఫ్టు దగ్గర, తిరుమల కంపార్ట్‌మెంట్లలో లాగా ఓపిగ్గా వంతులు. కొడుకు డాక్టరును పక్కకు పిలిచి, "ఏదున్నా మాకు చెప్పండి, అమ్మకు చెప్పకండి" అన్నాడు. ఇక్కడ అది కుదరదు. జబ్బు ఎవరిదో ముందు వాళ్ళకే చెప్పాలి, ఎవరెవరికి చెప్పొచ్చో వాళ్ళే చెప్పాలి. నేను తెలుగులో అడిగితే ఆవిడ, "నాకెప్పుడో తెలుసమ్మా. వాడు కంగారు గొడ్డు, వాడికే మెల్లిగా చెప్పండి" అంది.

ఇన్ని వేళాకోళాలు చేశాను కానీ, ఒక సంగతిలో మాత్రం వీళ్ళకు దణ్ణం పెట్టాలి. 2021లో మార్తా మిల్స్ అనే పదమూడేళ్ళ పిల్ల సైకిలు మీంచి పడి, క్లోమానికి దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరింది. ఒంట్లో ఇన్ఫెక్షన్ ముదిరిపోతోందని తల్లి మెరోపీ మిల్స్ మొత్తుకుంది. కంగారు పడకమ్మా అన్నారు. పిల్ల పోయింది. సకాలంలో ఐసీయూకు మార్చి ఉంటే బహుశా బతికేదని తర్వాత విచారణలో తేలింది. ఆ తల్లి పోరాటంతో 2024 నుంచి ఇక్కడి ఆసుపత్రుల్లోకి 'మార్తా రూల్' వస్తోంది. మనిషి పరిస్థితి దిగజారుతోందని ఇంటివాళ్ళకు అనిపిస్తే, చూస్తున్న డాక్టరు ఏమన్నా సరే, ఏ అర్ధరాత్రయినా ఇంకో బృందాన్ని పిలిచి చూడమని అడగొచ్చు. ఆ ఫోను నంబరు గోడ మీదే ఉంటుంది.

చూశావా పిన్నీ? మన ఆసుపత్రులకు తాలూకువాళ్ళ చేతులు కావాలి, నోరు అక్కర్లేదు. ఇక్కడివాళ్ళు చేతుల్ని గేటు బయట ఆపారు కానీ నోటికి మాత్రం ఒక హక్కు ఇచ్చారు. మనకు చేతులకేం కొదవ లేదు కాబట్టి, నువ్వు చూసుకోవాల్సింది రెండోదే. ఆ చేతులకు కాస్త తరిఫీదు కూడా కావాలనుకో. స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు క్లాసు ప్రాజెక్టుగా మొదలెట్టిన నూరా హెల్త్ సంస్థ కర్ణాటకతో ఆరంభించి మన ఆసుపత్రుల్లో చేస్తున్నది అదే. వరండాలో కూర్చున్న తాలూకువాళ్ళను పోగేసి, చేతులెలా కడగాలి, కుట్లు ఎలా చూసుకోవాలి, ఏ లక్షణం కనబడితే పరుగెత్తుకు రావాలి అని నర్సులు పాఠం చెబుతారు. మీకు ఆ పాఠం నేనే చెబుతున్నాను, రాసుకో.

ఆపరేషన్ ముందు ఆరు గంటలు గట్టి తిండి ఏదీ కూడదు, మంచినీళ్ళు ఎప్పటిదాకా తాగొచ్చో డాక్టరు చెబుతాడు. "ఒక్క ఇడ్లీయే కదా" అని మీ తోడికోడలు చాటుగా పెట్టిందా, మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తర్వాత మోకాలి కింద మెత్తగా దిండు పెడతారేమో, వద్దు. హాయిగానే ఉంటుంది కానీ కాలు వంకరగా బిగుసుకుపోతుంది. మీ మరిదిగారు ప్రేమకొద్దీ నూనె రాసి పిక్కలు పిసుకుతానంటే చేతులు పట్టుకో. పిక్కలో రక్తం గడ్డ కట్టి ఉంటే అది కదిలి ఊపిరితిత్తులకు చేరొచ్చు. పిక్క వాచినా, నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా అక్కడికక్కడే చెప్పాలి. పప్పు తింటే చీము పడుతుందని పత్యం పెట్టకు. పుండు మానాలంటే మాంసకృత్తులే కావాలి. కోలుకునేది నడిస్తేనే, కాబట్టి "పాపం, పడుకోనీ" అనేవాళ్ళను మొదటి కారులోనే వెనక్కి పంపెయ్.

ఇక డాక్టరుగారు రౌండ్స్‌కు వచ్చినప్పుడు మనవాళ్ళు పదిమంది చేతులు కట్టుకుని నిలబడి "మీరే దేవుడండీ" అంటారు. ఆయన వెళ్ళిపోయాక ఏమన్నాడని ఒకళ్ళనొకళ్ళు అడుగుతారు. అందుకని ప్రశ్నలు ముందే కాగితం మీద రాసి నీ ఆడపడుచు చేతికివ్వు. వంకాయలు బేరమాడేటప్పుడు పావలా వదలని మనిషి, జవాబు రాబట్టకుండా డాక్టరును వదలదు. మొదటి ప్రశ్న నేనే రాసిస్తున్నాను: ఒక మోకాలా, రెండా?

ఇట్లు,
నీ అక్క కూతురు

తా.క.: ఈ ఉత్తరం బాబాయికి చదివి వినిపించేటప్పుడు పప్పు సంగతి ముందు చదువు. మిగతాదంతా ఆయన ఎలాగూ వినరు.