దొంగలకూ అడ్వాన్సే!

2020లో న్యూజిలాండ్ కంపెనీ గ్రైండింగ్ గేర్ గేమ్స్ తన ఆన్‌లైన్ ఆట ‘పాత్ ఆఫ్ ఎగ్జైల్’లో ‘హైస్ట్’ పేరుతో దోపిడీలకు తెరతీసింది. తీరా చూస్తే ప్రభుత్వాఫీసుల్లోనూ ఇన్ని లాంఛనాలుండవు! చేతిలో కాంట్రాక్టు ఉండాలి. తాళం తీసే కార్స్ట్‌కో, గోడలు పేల్చే టిబ్స్‌కో కూలి ముందే ముట్టజెప్పాలి. పెద్ద దోపిడీకైతే బ్లూప్రింట్‌లో గదులు కనబడటానికీ రుసుమే. ఇన్ని కట్టి లోపలికెళ్లిన మొనగాడు అసలు సొత్తు మానేసి, దారిపక్క పెట్టెలన్నీ గెలుకుతాడు. తెరిచిన ప్రతి పెట్టెకూ అలారం మీటరు పైకి! అది నిండగానే గంట మోగుతుంది, తలుపులు మూసుకుంటాయి, కాపలాదార్లు కుమ్మేస్తారు. చచ్చాడా, మూటగట్టిందంతా హుళక్కే. కార్స్ట్‌ మాత్రం దొంగల అడ్డా రోగ్ హార్బర్‌లో నిక్షేపంగా ఉన్నాడు, తర్వాతి కాంట్రాక్టు కూలి ఎప్పుడిస్తావంటూ.