మిలో రాసిన జాబు

1999 మార్చిలో 'స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్' సీరియల్‌లో ఒక ఎపిసోడ్ వచ్చింది. పేరు 'ఇంతెర్ ఆర్మా ఎనిమ్ సిలెంత్ లేగేస్'. యుద్ధం నడుస్తోంది. మిత్రపక్షానికి చెందిన సెనేటర్‌ని కుట్రలో ఇరికించారు. అందులో అడ్మిరల్‌కీ చెయ్యి ఉంది. ఇదేం న్యాయమని డాక్టర్ నిలదీస్తే అతను ఈ లాటిన్ ముక్క అప్పజెబుతాడు. కత్తులు లేచినచోట చట్టాల నోరు పెగలదని భావం.

మాట సిసెరోది. రోములో అంతటి వక్త లేడు.

క్రీ.పూ. 52 జనవరిలో అప్పియన్ రోడ్డు మీద రోము రాజకీయ నాయకులు మిలో, క్లోడియస్‌ల ముఠాలు ఎదురుపడ్డాయి. క్లోడియస్ చచ్చాడు. అతని మనుషులు శవాన్ని సెనేట్ భవనంలోకి మోసుకెళ్లి, అక్కడి బల్లలే పేర్చి నిప్పు పెట్టారు. శవంతో పాటు భవనమూ కాలింది. హత్యానేరం మిలో మీద పడింది. అతని తరఫున మాట్లాడడానికి సిసెరో ఒక్కడే నిలబడ్డాడు. ఆ రోజుల్లో అది చిన్న ధైర్యం కాదు.

ఏప్రిల్‌లో విచారణ. అల్లర్లు జరక్కుండా కాన్సుల్ పాంపే ఫోరం చుట్టూ సైనికుల్ని నిలబెట్టాడు. సిసెరో వాదనకు మూడు గంటలు ఇచ్చారు. అతను లేవగానే క్లోడియస్ మనుషులు కేకలు అందుకున్నారు. చుట్టూ చూస్తే ఆయుధాలు. సిసెరో వణికిపోయాడు. ఏవో నాలుగు మాటలు అని కూర్చున్నాడని చరిత్రకారుడు కాసియస్ డియో రాశాడు.

తీర్పరుల్లో 38 మంది దోషి అన్నారు, 13 మంది కాదన్నారు. మిలో దేశం విడిచి మసీలియా చేరాడు. ఇప్పటి మార్సెయ్ అదే.

సిసెరో తర్వాత తీరిగ్గా కూర్చుని ఆ వాదన మొత్తం మళ్లీ రాశాడు. ప్రాణం మీదికొచ్చినవాడు కోర్టు తీర్పు దాకా ఆగలేడన్నాడు. చట్టాల నోరు పెగలదన్న వాక్యం ఉన్నది ఇందులోనే. రెండువేల ఏళ్లుగా జనం చదువుతున్నదీ ఈ ప్రతినే. కోర్టులో ఆ రోజు అన్న మాటలు ఇప్పుడు దొరకవు. కొత్త ప్రతిలో ఎక్కడా తడబాటు లేదు. ప్రతి వాక్యం గురి చూసి కొట్టినట్టుంటుంది.

ఆ ప్రతిని సిసెరో మిలోకి పంపాడట. ఇదీ డియో చెప్పిన సంగతే.

మసీలియా సముద్రపు ఒడ్డునున్న ఊరు. అక్కడ మల్లెట్ చేపలు బాగా దొరుకుతాయి. వాటి కోసం ఆనాటి రోమన్లు ప్రాణం పెట్టేవారు.

మిలో చదివాడు. జాబు రాశాడు. కోర్టులో ఇవే మాటలు అని ఉంటే, ఇంత మంచి చేపలు తినే యోగం తనకు పట్టేది కాదన్నాడు.