హెచ్చరిక ముందా, వెనకా?

మాదాపూర్‌లో విమానాలు దిగవు. కానీ ఎక్కడో హ్యాంగర్‌లో మెకానిక్ ఏ బోల్టు విప్పాలో, దాన్ని ఎంత బిగించాలో చెప్పే మాన్యువల్ పేజీలు ఇక్కడి క్యూబికల్స్‌లో తయారవుతాయి. 1991లో బి.వి.ఆర్. మోహన్ రెడ్డి పెట్టిన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్, అంటే నేటి సైయెంట్, వంటి సంస్థలు వేసిన దారి అది. ఆ పేజీలు రాసే మనిషికి ఐటీ కారిడార్ కట్టబెట్టిన హోదా: సపోర్ట్. పెళ్లిచూపుల్లో "అబ్బాయి ఏరోస్పేస్" అనగానే వెలిగిన మామగారి మొహం, "మాన్యువల్స్ రాస్తాడండీ" అనేసరికి చప్పున ఆరిపోతుంది. "రైటరా? పాపం, కోడింగ్ రాలేదా?"

శంషాబాద్‌లోనూ అదే తంతు. 2025 నవంబరు 26న సాఫ్రాన్ సంస్థ వారి లీప్ విమాన ఇంజిన్ల సర్వీస్ కేంద్రాన్ని ప్రధాని ఆన్‌లైన్‌లో ప్రారంభించారు. సుమారు 1,300 కోట్ల పెట్టుబడి, పూర్తిస్థాయికి చేరితే ఏటా 300 ఇంజిన్లు. సంతోషం! ఫొటోలో ఇంజిన్ నిండుగా పడుతుంది. పార్ట్ నంబరు సరిచూసే స్టోర్స్ మనిషి, రికార్డ్స్ సెక్షన్‌లో ఒక్కో టర్బైన్ డిస్కు జాతకం భద్రపరిచే అమ్మాయి పడరు. ఆ డిస్కు పుట్టిన నాటి నుంచి ఎన్ని సైకిళ్లు తిరిగిందో కాగితం చెప్పకపోతే, అది ఎంత మెరిసినా తుక్కే. అయినా అప్రైజల్ వేళ ఆ కాగితం ఓవర్‌హెడ్, దాన్ని కాపాడే అమ్మాయి నాన్-బిల్లబుల్.

"సపోర్ట్ వాళ్లకేం తెలుసు?" అనే పెద్దలకు బర్మింగ్‌హామ్ ముచ్చట ఒకటి. 1990లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానానికి నైట్ షిఫ్ట్ మేనేజర్ స్వయంగా విండ్‌స్క్రీన్ మార్చాడు. ఈ పనికి 8డి బోల్టులు వాడాలని స్టోర్స్ సూపర్‌వైజర్ చెప్పాడు. మేనేజర్ కదా, ఎందుకు వింటాడు? పార్ట్స్ కేటలాగ్ తెరవలేదు; పాత బోల్టు చేత పట్టుకుని కంటిచూపుతో జత వెతికాడు. బిగించిన 90లో 84 సన్నవి. జూన్ 10న 17,300 అడుగుల ఎత్తులో అద్దం ఊడింది. కెప్టెన్ నడుం దాకా బయటికి వెళ్లిపోతే, సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకుని వేలాడారు. అందరూ బతికారు, అదృష్టం. సరైన సైజు చెప్పింది మాత్రం ఆ స్టోర్స్ సూపర్‌వైజరే.

ఇక అసలు వినోదం. విమానాల మాన్యువల్స్‌కు సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లిష్ అని ఒక కట్టుబాటు ఉంది. పని చెప్పే వాక్యంలో 20 మాటలు మించరాదు. ఒక మాటకు ఒకే అర్థం. పని ఎవరు చేయాలో దాచే కర్మణి వాక్యం నిషిద్ధం. ప్రమాదం ఉంటే హెచ్చరిక ఆ పనికి ముందే రావాలి. పగలంతా ఈ నియమాల్లో బతికే రైటర్‌కు సాయంత్రం హెచ్‌ఆర్ మెయిల్ వస్తుంది. మొదటి వాక్యమే 60 మాటలు. ఉగాది మెయిల్‌లో "కుటుంబ సభ్యుడు"గా ఉన్నవాడు ఇందులో "వనరు". ఉద్యోగాలు "తగ్గించబడ్డాయి", తగ్గించినవాడి జాడ లేదు. హెచ్చరికైతే, గేటు దగ్గర ఐడీ కార్డు ఎర్రలైటు వెలిగించాక వస్తుంది. ఈ మెయిల్ ఏ హ్యాంగర్‌కైనా పంపితే క్వాలిటీ వాళ్లు తిప్పి కొడతారు.

"ఇకపై ఏఐ రాసేస్తుందిలే" అని మీటింగ్‌లో ఒకాయన ధీమా. రాస్తుంది నాయనా, చకచకా రాస్తుంది. తప్పు రాస్తే పట్టుకునే మనిషిని మీరే కదా మొన్న వీడ్కోలు కేకు తినిపించి పంపారు!

కనుక నియమం ప్రకారం పనికి ముందే రాస్తున్నాను. హెచ్చరిక: ఉద్యోగుల జాబితాలోంచి పేరు కొట్టేసే ముందు ఆ మనిషికి ఏం తెలుసో అడగండి. అడగకపోతే 17,300 అడుగుల ఎత్తున తెలుస్తుంది.